సముద్రములో మునిగి వచ్చిన పిమ్మట విడువని దగ్గు

సెలవులలో అండమాన్ దీవులకు పోయిన యువకుడొకడు స్వరాజ్ ద్వీపమువద్ద గాలి సిలిండరు వీపున కట్టుకొని రెండుమారులు సముద్రములో మునిగెననుకొనుడు. పగడపు దిబ్బలను, రంగురంగుల చేపలను చూచి సంతోషముతో పడవ యెక్కెను. ఎక్కినది మొదలు చిన్న దగ్గు పట్టుకొనెను. “ఉప్పునీరు పొలమారినది, అదే పోవును” అని తోడివారనిరి. మరునాడు విమానమెక్కి ఇల్లు చేరెను. తల్లి మిరియాల కషాయము కాచి యిచ్చెను. వారము గడచినను దగ్గు తగ్గకపోగా, మందుల దుకాణములో సిరపు సీసా కొని త్రాగెను. తుదకు వైద్యుని వద్దకు పోయినపుడు కూడ, తాను సముద్రములో మునిగిన సంగతి చెప్పవలెనని అతనికి తోచలేదు.

ఇట్టి దగ్గులలో పెక్కు స్వల్పమైనవే. కొన్ని దినములలో తమంత తామే తగ్గును. కాని ఒక్కొక్కప్పుడు అదే దగ్గు ఊపిరితిత్తి చిరిగినదనుటకో, అందులో నీరు ఊరినదనుటకో మొదటి సూచన యగును. పైకి రెండును ఒకే తీరుగా వినిపించును. రెంటికిని గల భేదమును తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు మిక్కిలి తోడ్పడును. దగ్గు ఎప్పుడు మొదలైనది? దానితోపాటు మరి యే బాధలున్నవి? ఎన్ని దినములనుండి యున్నది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవాడు రోగి యొక్కడే. కావున సిలిండరుతో మునుగ గోరు ప్రతివారును, వారి కుటుంబమువారును ఈ విషయమును తెలిసికొనియుండుట మంచిది.

గాలి ఒత్తిడి – ఊపిరితిత్తులు

సిలిండరులోని గాలిని పీల్చుచు నీటిలో స్వేచ్ఛగా సంచరించుటకు వీలైన పరికరమును 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను నిరువురు రూపొందించిరి. నేడు అండమాన్, లక్షద్వీపములందును, కర్ణాటక తీరమందలి నేత్రాణి దీవివద్దను, పుదుచ్చేరి, విశాఖపట్నము వంటి తీరములందును సామాన్య యాత్రికులు సైతము ఈ స్కూబా డైవింగునకు పూనుకొనుచున్నారు. ఈతరాని వారును శిక్షకుని చేయిపట్టుకొని కొలది మీటర్ల లోతువరకు పోవుచున్నారు. వేడుక అందరికిని అందుబాటులోనికి వచ్చినది. దానికి సంబంధించిన ఆరోగ్యజ్ఞానము కూడ అట్లే అందరికిని అందవలసియున్నది.

భూమిపైన మానవుని శరీరముపై ఒక వాతావరణ పీడనముండును. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకును మరియొక వాతావరణ పీడనము చేరును. అనగా 10 మీటర్ల లోతున పీడనము రెండింతలు, 20 మీటర్ల లోతున మూడింతలు, 30 మీటర్ల లోతున నాలుగింతలు అగును. డైవరు నోటిలో నుంచుకొను రెగ్యులేటరు, ఆ లోతుననుండు పీడనమునకు సరిపోవునట్లు గాలిని అందించును. అందుచేతనే అతడు సుఖముగా శ్వాసింపగలుగును.

పీడనము తగ్గినకొలది వాయువు వ్యాకోచించును. ఈ నియమమును రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించెను. 10 మీటర్ల లోతున 5 లీటర్ల గాలిని పీల్చి, దానిని బిగబట్టి పైకి వచ్చినచో, ఉపరితలమునకు చేరునప్పటికి అది 10 లీటర్లు కాజూచును. ఊపిరితిత్తులలో అంత చోటు లేదు. కావున స్కూబా డైవరునకు నేర్పు మొదటి సూత్రము: ఎన్నడును శ్వాస బిగబట్టరాదు. 30 మీటర్లనుండి 20 మీటర్లకు వచ్చునపుడు గాలి మూడవవంతు మాత్రమే పెరుగును. కడపటి 10 మీటర్లలో అది రెండింతలగును. అందువలన లోతు తక్కువైనచో అపాయము లేదనుకొనుట పొరపాటు. ఒకటి, రెండు మీటర్ల లోతున నిండుగా గాలి పీల్చి బిగబట్టి పైకి వచ్చినను ఊపిరితిత్తికి గాయము కలుగవచ్చును. స్నానాల కొలనులో శిక్షణ పొందువారికిని ఈ సూత్రము వర్తించును.

నీటిలో నుండగనే మొదలైన దగ్గు

దగ్గును, ఆయాసమును నీటిలోనే మొదలైనచో మొట్టమొదట అనుమానింపవలసినది ఊపిరితిత్తులలో నీరు ఊరుట. ఈ నీరు సముద్రమునుండి వచ్చినది కాదు. శరీరములోని రక్తమునుండి వచ్చినది. మెడవరకు నీటిలో మునిగినపుడు కాళ్లలోను చేతులలోను ఉండు రక్తములో కొంత ఛాతీలోనికి చేరును. నీరు చల్లగా నున్నచో చర్మపు రక్తనాళములు ముడుచుకొని మరికొంత రక్తమును లోపలికి నెట్టును. అప్పుడు ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళములలో ఒత్తిడి హెచ్చి, రక్తములోని ద్రవము వాయుకోశములలోనికి ఊరును. పీటర్ విల్మ్‌షర్స్ట్, అతని సహచరులు 1989లో ‘లాన్సెట్’ పత్రికలో ఇట్టి డైవర్లను, ఈతగాండ్రను గూర్చి వ్రాసిన పిమ్మట వైద్యలోకము దృష్టి ఈ వ్యాధివైపు మరలెను. చన్నీటిలో ఎక్కువగా కనబడినను, ఉష్ణమండలపు వెచ్చని సముద్రములందును ఇది కలుగుచున్నది.

రక్తపోటు గలవారు, గుండె జబ్బులున్నవారు, నలుబది యేండ్లు దాటినవారు దీనికి ఎక్కువగా లోనగుదురు. బిగుతైన డైవింగు దుస్తులు, ఎదురు ప్రవాహములో బలముగా ఈదుట, మునుగుటకు ముందు మితిమీరి నీరు త్రాగుట కూడ తోడ్పడును. అయితే పూర్ణారోగ్యవంతులగు యువకులకును ఇది కలుగవచ్చును. ఎడతెగని దగ్గు, గాలి చాలనట్లు తోచుట, గొంతులో గురగుర, నురుగుతో కూడిన కళ్లె, ఒక్కొక్కప్పుడు ఆ నురుగు గులాబిరంగులో నుండుట దీని లక్షణములు. రెగ్యులేటరు సరిగా గాలి ఇచ్చుట లేదని డైవరు భ్రమపడుట సామాన్యము.

ఇట్టివానిని వెంటనే, కాని నియమముతప్పక, పైకి తెచ్చి నీటినుండి వెలుపలికి తీయవలెను. నిటారుగా కూర్చుండబెట్టి, బిగుతు దుస్తులు సడలించి, ప్రాణవాయువు నీయవలెను. నీటినుండి వెలువడిన కొన్ని గంటలలో పెక్కురు కోలుకొందురు. కోలుకొనిరి గదాయని విషయమును మరువరాదు. ఒకమారు వచ్చినవారికి మరల వచ్చు నవకాశము కలదు. ఆ రెండవమారు ప్రాణాంతకము కావచ్చును. గుండెను, రక్తపోటును పరీక్ష చేయించుకొనక తిరిగి నీటిలో దిగరాదు.

పైకి వచ్చిన వెంటనే మొదలైన దగ్గు

ఉపరితలమునకు చేరిన కొలది నిమిషములలో దగ్గు, ఛాతీలో నొప్పి కలిగినచో ఊపిరితిత్తి చిరిగినదేమో చూడవలెను. భయపడి శ్వాస బిగబట్టి వేగముగా పైకి దూసికొని వచ్చువారిలో ఇది ఎక్కువ. ఊపిరితిత్తిలో గాలి ఒకచోట చిక్కుకొనియున్నచో, శ్వాస బిగబట్టకున్నను ఇట్లు జరుగవచ్చును. జలుబువలన చేరిన చిక్కని కఫము, అదుపులో లేని ఉబ్బసము, పూర్వపు వ్యాధివలన ఏర్పడిన గాలితిత్తులు అట్లు గాలిని బంధించును.

చిరుగునుండి వెలువడిన గాలి మూడు మార్గములు పట్టును. ఊపిరితిత్తిని కప్పియున్న పొరల నడుమ చేరినచో ఊపిరితిత్తి ముడుచుకొనిపోవును. ఒకవైపు పొడిచినట్లు నొప్పి, ఆయాసము కలుగును. ఛాతీ మధ్యభాగముగుండ మెడకు ప్రాకినచో కంఠస్వరము మారును, మ్రింగుట కష్టమగును. మెడ చర్మమును వ్రేలితో నొక్కినపుడు చిటపటమని తెలియును. మూడవది అన్నిటికంటె ఘోరమైనది: గాలి రక్తములో ప్రవేశించి మెదడునకు చేరును. అప్పుడు పైకి వచ్చిన పది నిమిషములలోపల స్పృహ తప్పుట, మాట తడబడుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, మూర్ఛ రావుట జరుగును.

కావున మునిగి వచ్చినవాడు దగ్గుచు రక్తము ఉమ్మినను, అతని గొంతు హఠాత్తుగా బొంగురుపోయినను, అది ఉప్పునీటి ప్రభావమని త్రోసివేయరాదు. ముసుగులోనికి ముక్కునుండి కారిన కొలది రక్తము సైనసు ఒత్తిడివలనిది కావచ్చును. అది సామాన్యముగా అంత ప్రమాదకరము కాదు. కాని ముక్కునుండి వచ్చినదో, ఊపిరితిత్తినుండి వచ్చినదో నిర్ణయించుట వైద్యుని పని. పడవమీది స్నేహితుని పని కాదు.

కొన్ని గంటలలో మొదలైన దగ్గు

ఉప్పునీరు తుంపరగా శ్వాసనాళములలోనికి పోవుట డైవర్లలో తరచుగ కలుగు బాధ. మౌత్ పీసు చిరిగినను, రెగ్యులేటరు కవాటము సరిగా మూసికొనకున్నను, పీల్చు గాలితోపాటు సన్నని నీటి తుంపర లోపలికి పోవును. గుక్కెడు నీరు పొలమారినచో ఎవరికైనను తెలియును. ఈ తుంపర పోవుట తెలియక పోవచ్చును. ఆస్ట్రేలియా నౌకాదళములో పనిచేసిన వైద్యుడు కార్ల్ ఎడ్మండ్స్ 1970లో దీనిని వర్ణించెను. మునిగి వచ్చిన వెంటనే కొంత దగ్గు వచ్చి తగ్గును. తరువాత ఒకటి రెండు గంటలలో చలి, వణకు, జ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు, ఛాతీలో బిగువు, మరల దగ్గు కలుగును. చూచువారు మలేరియాయనియో, ఫ్లూ జ్వరమనియో అనుకొందురు. పెక్కురకు ఒక దినములో తగ్గిపోవును. ఆయాసము హెచ్చుచున్నను, జ్వరము మరునాటికిని తగ్గకున్నను, ఊపిరితిత్తులలో వాపో, న్యుమోనియాయో చేరినదేమో పరీక్షింపవలెను.

ఇదే సమయములో బయటపడు మరియొక వ్యాధి పీడనము వేగముగా తగ్గుటవలన కలుగునది. లోతున నుండునపుడు గాలిలోని నత్రజని రక్తమునందును, కండరములందును కరగును. మెల్లగా పైకి వచ్చినచో అది శ్వాసద్వారా వెడలిపోవును. త్వరపడినచో, సోడాసీసా మూత తీసినట్లు, శరీరములో బుడగలు కట్టును. అంచెలంచెలుగా ఆగుచు పైకి వచ్చు పద్ధతిని ఇంగ్లండునందు జాన్ స్కాట్ హాల్డేన్ తన సహచరులతో కలిసి 1908లో ప్రకటించెను. నేటికిని సురక్షితమైన మునకలకు ఆ భావమే ఆధారము.

ఈ వ్యాధిలో కీళ్లనొప్పులు, తిమ్మిరి, తల తిరుగుట, విపరీతమైన అలసట ఎక్కువగా కనబడును. బుడగలు అధికముగా ఊపిరితిత్తులకు చేరినచో పొడిదగ్గు, లోతుగా పీల్చినపుడు రొమ్ముటెముక వెనుక మంట, ఆయాసము కలుగును. ఇది అరుదు, కాని మిక్కిలి తీవ్రమైనది. శ్రీలంక ఉత్తర, వాయవ్య తీరములందు శంఖములను, సముద్ర దోసకాయలను ఏరి జీవించువారిలో సిలిండర్లతో మునుగువారు కలరు. దినమున పలుమారులు లోతునకు పోయి వచ్చు అట్టి శ్రమజీవులకు ఈ అపాయము వేడుకకై మునుగు యాత్రికునికంటె చాల హెచ్చు. నొప్పి కలిగినచో మరల నీటిలో మునిగి నయము చేసికొనవచ్చునను నమ్మకము కొందరిలో కలదు. అది ప్రమాదకరము. తగిన ఏర్పాట్లు లేక మరల మునుగుట వ్యాధిని ముదురజేయును. ప్రాణమునకే ముప్పు తెచ్చును. దీనికి చికిత్స ప్రాణవాయువును, పీడనమును నియమముగా నిచ్చు ప్రత్యేకమైన గదిలో జరుగవలెను.

దినముల తరబడి విడువని దగ్గు

పై అపాయములేవియు లేవని వైద్యుడు తేల్చిన పిమ్మట, నిలిచియున్న దగ్గునకు ఇతర కారణములు వెదకవలెను. అవి ముఖ్యముగా ఇవి.

ఒకటి, పొడిగాలి. సిలిండరులో నింపు గాలినుండి తేమను బహుజాగ్రత్తగా తొలగింతురు. ఆ పొడిగాలిని నోటితో గంటసేపు పీల్చినచో శ్వాసనాళముల పొర ఎండి మండును. దీనివలని పొడిదగ్గు ఒకటి రెండు దినములలో తగ్గును.

రెండు, ఉబ్బసము. పొడిగాలి, చల్లగాలి, శ్రమ, ఉప్పునీటి తుంపర, ఈ నాలుగును శ్వాసనాళములను ముడుచుకొనజేయునవే. చిన్ననాటి ఉబ్బసము పోయినదనుకొన్నవారికి అది మరల తల యెత్తవచ్చును. రాత్రివేళ, తెల్లవారుజామున హెచ్చు దగ్గు, పిల్లికూతలు దీని గుర్తులు. పిల్లికూతలు లేకయే దగ్గు మాత్రమే ఉండుటయు కలదు.

మూడు, అంటువ్యాధులు. పడవమీద పలువురు కలిసి యుండుట, సరిగా శుభ్రపరచని రెగ్యులేటరును ఒకరి తరువాత ఒకరు వాడుట వీనికి అవకాశమిచ్చును. జలుబు తగ్గిన పిమ్మటను దగ్గు కొన్ని వారములు నిలుచుట సామాన్యమే.

నాలుగు, సైనసులు. వీనిలోని ఒత్తిడి సమముగా లేనిచో లోపలి పొర వాచును, రక్తము చిమ్మును. అక్కడినుండి జారు కఫము గొంతు వెనుకకు దిగి, పండుకొన్నప్పుడు దగ్గు తెప్పించును.

ఐదు, పులిత్రేన్పులు. తల క్రిందుగా దిగుటవలనను, మ్రింగిన గాలి పైకి వచ్చునపుడు కడుపులో వ్యాకోచించుటవలనను, జీర్ణరసము గొంతులోనికి ఎగదన్నును. ఛాతీలో మంట, నోట పులుపు, భోజనానంతరము దగ్గు దీని లక్షణములు.

ఆరు, చెడిన గాలి. గాలి నింపు యంత్రము సరిగా లేనిచో నూనె ఆవిరియు, ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడును సిలిండరులో చేరును. గాలికి నూనె వాసన, రుచి ఉన్నచో దానిని పీల్చరాదు. కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. తలనొప్పి, వాంతి, మతి తప్పుట దాని గుర్తులు. ఒకే పడవలో పలువురకు ఒకేమారు ఇట్టి బాధలు కలిగినచో గాలినే అనుమానింపవలెను.

ఏడు, మునకతో సంబంధములేని కారణములు. రక్తపోటునకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు కొందరికి పొడిదగ్గు కలిగించును. పొగత్రాగువారి దగ్గు మునకతో హెచ్చుగా కనబడవచ్చును. మన దేశమున మరువరానిది క్షయ. దగ్గు రెండు వారములు మించి నిలిచినచో, కారణము తెలిసినట్లు తోచినను, కళ్లె పరీక్ష చేయించుకొనవలెను. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కళ్లెలో రక్తము ఉన్నచో రెండు వారములు వేచియుండ నక్కరలేదు. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఈ పరీక్షయు, చికిత్సయు ఉచితముగా లభించును. సముద్రములో మునిగినందున దగ్గు వచ్చినదని నమ్మి క్షయను నెలల తరబడి గుర్తింపకుండుట, రోగికేగాక ఇంటిల్లిపాదికిని ముప్పు.

ఆలస్యము చేయరాని లక్షణములు

మునిగి వచ్చిన 24 గంటలలోపల దగ్గుతోపాటు ఈ క్రింది వానిలో ఏ ఒక్కటి యున్నను దానిని అత్యవసర పరిస్థితిగా భావింపవలెను.

ఆయాసము, ఛాతీలో నొప్పి, రక్తము లేక గులాబిరంగు నురుగు ఉమ్ముట, కంఠస్వరము మారుట, మెడ ఉబ్బుట, పెదవులు నీలముగా మారుట, తల తిరుగుట, స్పృహ తప్పుట, చేతులు కాళ్లు తిమ్మిరిగొనుట, బలహీనపడుట, మాట తడబడుట.

అట్టివానికి వెంటనే చేయవలసిన పనులు కొన్ని కలవు. డైవింగు పడవలో ప్రాణవాయువు సిలిండరు నుంచుకొనుట నిర్వాహకుల విధి. దానిని ఆలస్యము లేక, వీలైనంత పూర్తిగా, ముసుగుద్వారా ఈయవలెను. రోగి ఆయాసపడుచున్నచో కూర్చుండబెట్టవలెను. మెదడునకు గాలి చేరిన లక్షణములున్నచో వెల్లకిల పండుకొనబెట్టవలెను. స్పృహ లేనిచో ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టవలెను. శ్వాస ఆగినచో కృత్రిమ శ్వాసను, గుండె మర్దనమును ప్రారంభింపవలెను. 112కో, 108కో ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ‘ఈ మనిషి సిలిండరుతో మునిగెను’ అను మాట మొదట చెప్పవలెను. పీడన చికిత్సకు తగిన గదులు నౌకాదళపు వైద్యకేంద్రములందును, కొన్ని పెద్ద ఆసుపత్రులందును కలవు. ఏది దగ్గరలో నున్నదో, అక్కడికి చేరుమార్గమేదో డైవింగు నిర్వాహకులు మునకకు ముందే తెలిసికొనియుండవలెను.

మద్యము, నిద్రమందులు ఈయరాదు. దగ్గును అణచు సిరపు పోసి పండుకొనబెట్టరాదు. అది లక్షణమును మరుగుపరచును, వ్యాధిని మాన్పదు.

విమానప్రయాణమునందు ప్రత్యేకమైన జాగ్రత్త అవసరము. విమానములో గాలిపీడనము నేలమీదికంటె తక్కువ. శరీరములో మిగిలియున్న నత్రజని బుడగలు అక్కడ పెద్దవగును. ముడుచుకొన్న ఊపిరితిత్తి ప్రక్కనున్న గాలి మరింత ఉబ్బును. ఏ బాధయు లేనివారు సైతము ఒక్క మునక అనంతరము 12 గంటలైనను, పలుమునకల అనంతరము 18 గంటలైనను విమానమెక్కరాదని నిపుణుల సూచన. ఆగుచు పైకి రావలసిన లోతైన మునకల పిమ్మట ఇంతకంటె ఎక్కువ సమయము కావలెను. ఎత్తైన కొండదారులలో ప్రయాణమునకును ఇట్టి జాగ్రత్తయే అవసరము. దగ్గు, ఛాతీనొప్పి, ఆయాసము ఉన్నవారు వైద్యుడు పరీక్షించి అనుమతించువరకు ప్రయాణము మానుకొనవలెను. టిక్కెట్టు పోయినను మరల కొనవచ్చును.

వైద్యునితో చెప్పవలసిన విషయములు

సముద్రమునకు దూరముననున్న ఊళ్లలోని వైద్యులకు డైవర్లు అరుదుగా తటస్థపడుదురు. కావున రోగి తానై ఈ విషయములు చెప్పవలెను: ఏ తేదీన, ఎన్నిమారులు మునిగెను, ఎంత లోతునకు పోయి ఎంతసేపు ఉండెను, మెల్లగా పైకి వచ్చెనా, త్వరపడెనా, నీరు పొలమారెనా, దగ్గు నీటిలో మొదలైనదా, పైకి వచ్చిన పిమ్మట మొదలైనదా, తోడివారికెవరికైనను అట్టి బాధ కలిగెనా, ఎప్పుడు విమానమెక్కెను, తాను వాడు మందులేవి, పూర్వము ఉబ్బసము, క్షయ, గుండెజబ్బు ఉండెనా. డైవింగు గడియారము లేక కంప్యూటరు ఉన్నచో దానిలోని వివరములు చూపవలెను.

వైద్యుడు ఛాతీని పరీక్షించి, ఎక్స్‌రే తీయించి, రక్తములోని ప్రాణవాయువును కొలుచును. అవసరమైనచో కళ్లె పరీక్ష, శ్వాసశక్తి పరీక్ష, గుండె స్కానింగు చేయించును. కొన్ని చిన్న చిరుగులు ఎక్స్‌రేలో కనబడవు. అట్టి యనుమానమున్నచో సి.టి. స్కానింగు అవసరము కావచ్చును. అందుచేత ఎక్స్‌రే బాగున్నదన్న ఒక్క మాటతో తృప్తిపడి మరల నీటిలో దిగరాదు.

నివారణ మార్గములు

జలుబు, దగ్గు ఉన్న దినమున మునుగరాదు. సొమ్ము కట్టితిమి గదాయని, తోడివారు ఎగతాళి చేయుదురని దిగుట తగదు. మునకకు ముందు ఇచ్చు ఆరోగ్యపత్రములో ఉబ్బసము, రక్తపోటు, పూర్వపు శస్త్రచికిత్సలు మొదలగువానిని దాచక వ్రాయవలెను. తానంతట తానే ఊపిరితిత్తి ముడుచుకొనిన చరిత్ర గలవారు సిలిండరుతో మునుగకుండుటయే క్షేమము. మౌత్ పీసు చిరుగులు లేకుండ ఉన్నదేమో, గాలికి వాసన లేదేమో దిగుటకు ముందే చూచుకొనవలెను. ప్రతి మునక పిమ్మట పరికరములను మంచినీట కడిగించి, క్రిమిరహితము చేయించవలెను. నిమిషమునకు 9 మీటర్లు మించని వేగముతో, ఎడతెగక శ్వాసించుచు పైకి రావలెను. సుమారు 5 మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగుట మంచి యలవాటు. నీటిలో దగ్గు వచ్చినచో రెగ్యులేటరును తీయక, దానిలోనికే దగ్గవలెను. తోడివానికి సైగ చేసి మునకను ముగింపవలెను.

దగ్గు పూర్తిగా తగ్గి, కారణము తెలిసి, వైద్యుడు అనుమతించిన పిమ్మటనే మరల మునుగవలెను. ఊపిరితిత్తికి పీడనముచే గాయమైనవారును, ఊపిరితిత్తులలో నీరు చేరినవారును ఈ విషయమున డైవింగు వైద్యములో అనుభవముగల వైద్యుని సలహా పొందుట అత్యవసరము.

మొదట చెప్పిన యువకుని దగ్గు పొడిగాలివలనిదే కావచ్చును. మరి యేదైనను కావచ్చును. కషాయముతో తల్లి తన ప్రేమను చూపెను. అందు దోషము లేదు. లోపించినది ఒక్కటే. ‘ఇటీవల సముద్రములో మునిగి వచ్చితిని’ అను మాటను అతడు పడవమీద, విమానాశ్రయమున, మందుల దుకాణమున, వైద్యుని యెదుట ఎక్కడను చెప్పలేదు. మునిగి వచ్చిన పిమ్మట దగ్గు కలిగిన ప్రతివారును ఆ మాటను మొదటనే చెప్పుదురుగాక. చికిత్సకు త్రోవ అక్కడినుండి తెరచుకొనును.